పొగ తగిలీ తగలనట్టు

"ముందు మీరు చెప్పండి హయాత్ గారూ. పొగ సరిపోయిందా?" ప్రద్యుమ్న గ్లాసు అందించాడు.

హయాత్ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఏ వాసనా లేదు. అందులో మంచినీళ్ళున్నా అంతే.

మార్టూరు దగ్గర ఆ డిస్టిలరీలో స్కాట్లాండు పాత పద్ధతిలో సింగిల్ మాల్ట్ విస్కీ తీస్తారు. పీట్ అనే మట్టిపెళ్ళలు అక్కణ్ణించే తెప్పించి, కాల్చి, ఆ పొగలో బార్లీ మొలకల్ని ఆరబెడతారు. విస్కీలో ఆ పొగ తగిలీ తగలనట్టుండాలి. ఉందో లేదో తేల్చేది ఇద్దరే. స్కాట్లాండులో ఇరవై ఏళ్ళు ఇదే పని చేసొచ్చిన ప్రద్యుమ్న ఒకరు. గుప్పెడు మిరపకాయలు వాసన చూసి చెమ్మెంతో చెప్పే గుంటూరు మిర్చి యార్డు నుంచి వచ్చిన హయాత్ రెండోవాడు. మందు చుక్క నాలుక మీద వేసుకోడు, అంతా ముక్కే.

నెల కిందటి జ్వరం ఆ ముక్కును పట్టుకుపోయింది. మొన్న పక్కనే పొయ్యి మీద చేపల పులుసు మాడిపోతుంటే పేపరు చదువుకుంటూ కూర్చున్నాడు. భార్య మస్తాన్‌బీ గిన్నె తోముకుని మళ్ళీ వండింది.

జ్వరం తర్వాత ఇదే మొదటి పీపా. మూడేళ్ళు మాగింది. మేనేజరు శరణ్య సుద్దముక్కతో నిలబడింది. సున్నా చుడితే సీసాల్లోకి, ఇంటూ కొడితే మళ్ళీ గోడౌన్లోకి. ముక్కు సంగతి బయటపడితే హయాత్ ఇంటికి.

"కొంచెం ఎక్కువైనట్టుంది సార్," అన్నాడు ధైర్యం చేసి.

ప్రద్యుమ్న కళ్ళు మూసుకుని వాసన చూశాడు. "అవును, ఎక్కువే."

శరణ్య ఇంటూ కొట్టబోయింది. హయాత్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగమ్మా! మళ్ళీ చూస్తా... లేదు సార్, తక్కువేమో."

"నేనూ అదే అనబోతున్నా. తక్కువే."

"ఇప్పుడేగా ఎక్కువన్నారు?" అంది శరణ్య.

"గాలి తగిలాక గానీ తేలదమ్మా," అన్నాడు ప్రద్యుమ్న.

హయాత్‌కి తల తిరిగింది. ఎక్కువంటే ఎక్కువంటాడు, తక్కువంటే తక్కువంటాడు. తెలిసే ఆడిస్తున్నాడా?

"సరిపోయిందేమో సార్?"

"కరెక్టుగా సరిపోయింది."

"ఏంటండీ ఇది, నాతో ఆటలా? తేల్చుకుని పిలవండి." సుద్దముక్క పీపా మీద పెట్టేసి శరణ్య విసవిసా వెళ్ళిపోయింది.

హయాత్ ఇక ఉండబట్టలేకపోయాడు. "నన్ను పంపించేసినా సరే సార్. మూడేళ్ళు ఇంతమంది పడ్డ కష్టం మీద అబద్ధం చెప్పలేను. నెల రోజులుగా నాకు వాసన తెలియట్లేదు. మీరే చూసి చెప్పండి."

ప్రద్యుమ్న గబగబా వెళ్ళి తలుపేసి వచ్చాడు.

"నేనేం చూసి చెప్పను హయాత్ గారూ? నాకు వాసన పోయి రెండేళ్ళయింది!"