పదకొండో ప్రశ్న

“మళ్ళీ తప్పే,” అంటూ టెక్నీషియన్ అమ్మాయి కాగితం మీద ఎనిమిదో ఇంటూ పెట్టింది.

మంచం పక్కన నిలబడ్డ లెక్కల మాస్టారి భార్య ఆ ఇంటూల వంక చూసింది. పక్షవాతంతో ఆయనకు కాళ్ళూ చేతులూ మాటా పడిపోయి రెండేళ్ళయింది. నెల కిందట డాక్టరు మెడ దగ్గరి రక్తనాళం గుండా సన్నటి తీగల జల్లెడ ఒకటి మెదడు రక్తనాళంలోకి పంపి అక్కడే ఉంచారు. పిడికిలి బిగించాలని ఆయన తలుచుకుంటే చాలు, అది పసిగట్టి తెర మీద ‘అవును’ వెలిగిస్తుంది. కాలు కదపాలనుకుంటే ‘కాదు’. పొద్దున కసరత్తులో ఏది వెలిగించమంటే అది వెలిగించారు కూడా. తీరా ప్రశ్నలు మొదలయ్యేసరికి అంతా గల్లంతు!

“తాతగారూ!” అమ్మాయి ఆయన చెవిలో అరిచింది. “రెండూ రెండూ కలిపితే నాలుగేనా?”

‘కాదు.’

“ఓరి దేవుడా! ముప్పయ్యేళ్ళు లెక్కలు చెప్పిన మనిషండీ!” అంది ఆవిడ.

“ఇదే ఆఖరిది. ఈవిడ మీ భార్యేనా?”

‘కాదు.’

డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకోసాగారు. “తీగ భేషుగ్గా పనిచేస్తోందమ్మా. అడిగింది అర్థం చేసుకునే శక్తే పోయినట్టుంది. ఇక ఈ యంత్రం ఇంటికిచ్చి లాభం లేదు.”

“అంటే... నేనెవరో కూడా తెలీదా ఆయనకి?”

ఆవిడకు ఏడుపు ముంచుకొచ్చింది. ఎంత వెటకారం మనిషి! నిద్రపోతున్నారా అని అడిగితే, లేదు, ఈత కొడుతున్నా అనేవారు. అప్పట్లో ఒళ్ళు మండేది. ఇప్పుడా తిక్క జవాబు ఒక్కటి వింటే చాలనిపించింది.

ఉన్నట్టుండి ఆవిడ కాగితం లాక్కుంది.

“పదీ తప్పేనా? ఒక్కటీ కుదరలేదూ?”

“ఒక్కటి కూడా లేదండీ.”

“కళ్ళు మూసుకుని చెప్పినా సగం కుదరాలిగా!”

డాక్టరు గబుక్కున కళ్ళజోడు పెట్టుకుని తెర వైపు తిరిగారు.

ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని మంచం మీదికి వంగింది. “ఏవండీ! చంటిపిల్లల ప్రశ్నలు అడిగారని ఉక్రోషం వచ్చి, కావాలనే అన్నీ తిరగేసి చెప్పారు కదూ?”

తెర మీద టక్కున ‘కాదు’ వెలిగింది.