తాళం వేసినవాడు

“రిపోర్ట్ ఏమొచ్చింది జమునా?” షిఫ్ట్ ఇన్‌చార్జి రుత్విక్ మళ్లీ అడిగాడు.

“ఆఫీసర్ సార్ రాంగనే చూపిస్త సార్.”

జమున లాప్‌టాప్ మూసి ఒళ్లో పెట్టుకుంది.

కమాన్‌పూర్ దగ్గర బొగ్గు మోసే బెల్టులు నడిపే ప్రైవేటు కంపెనీ అది. బెల్టు నడపడం, ఆపడం ఇప్పుడు ఏఐ ఏజెంట్ల పని. ఆ పనులు వాటి చేతికి అందించేది టూల్ సర్వర్. అందులో ఏ ఖాతాకు ఏ పర్మిషన్ ఉందో ఏజెంట్లతోనే చెక్ చేయించమని పైనుంచి ఆర్డర్ వచ్చింది. ఆ పని ఆపరేటర్ జమునకు పడింది. పొద్దున రిపోర్ట్ వచ్చింది. చదివింది. మళ్లీ చదివింది. కళ్లు ఎర్రబడ్డాయి.

జమున ఎల్లేశం కూతురు. ఎల్లేశం ఇక్కడే ఫిట్టర్‌గా చేసేవాడు. రిపేరుకు దిగేవాడు ముందుగా ఫోన్‌లో తన పేరు మీద బెల్టుకు తాళం వెయ్యాలి. అతనే తియ్యాలి. అందాకా బెల్టు తిరగకూడదు. కిందటేడు వానాకాలంలో, ఎల్లేశం రోలర్ల మధ్య చెయ్యి పెట్టి ఉండగా బెల్టు తిరిగింది. కుడిచెయ్యి మోచేతి దాకా పోయింది.

విచారణలో రుత్విక్ ఒకటే మాట చెప్పాడు. “వేసినవాడు తప్ప తాళం ఎవరూ తియ్యలేరు. బెల్టు తిరిగిందంటే ఎల్లేశం తాళం వెయ్యనట్టే.”

ఆ మాటే నిలిచింది. ఊళ్లో అతని పేరు ‘లాకు మరిచిన ఎల్లేశం’ అయింది. చెయ్యి పోయిన తండ్రికి బదులు కూతురికి ఉద్యోగం ఇచ్చి, గొడవ సర్దేశామనుకున్నారు.

జమున ప్రతి ఉదయం తండ్రి చొక్కా గుండీలు పెట్టి డ్యూటీకి వస్తుంది. రుత్విక్‌కు నమస్తే పెడుతుంది. అతని కుడిచేతి వైపు చూస్తుంది. ఆ చెయ్యి కూడా ఆ రోలర్ల దాకా పోవాలి. రోజూ ఆమె కోరుకునేది అదొక్కటే.

ఎండాకాలంలో పాత సర్వర్ తీసేసి కొత్తది పెట్టారు. తాళాల పాత రికార్డులన్నీ పోయాయి. పర్మిషన్లు మాత్రం ఉన్నవి ఉన్నట్టే వచ్చాయని రుత్విక్ అందరికీ చెప్పాడు.

జీపు వచ్చి, ఆపి ఉంచిన బెల్టు పక్కన ఆగింది. సేఫ్టీ ఆఫీసర్ వామనరావు దిగాడు. “ఏమయ్యా, తాళాల సంగతేంది?”

“వేసినవాడు తప్ప ఎవరూ తియ్యలేరు సార్,” అన్నాడు రుత్విక్.

“అయితే ఒక్కసారి చేసి చూపిస్తం సార్,” అంది జమున. అందరూ ఆమె వైపు తిరిగారు. ఆ పిల్ల అంత గట్టిగా మాట్లాడటం ఎవరూ ఎప్పుడూ వినలేదు. “రుత్విక్ సార్ తన పేరు మీద తాళం వేసి, మా బాపు పెట్టిన కాడనే చెయ్యి పెడుతరు. ఇన్‌చార్జి ఖాతా నుంచి ఆ తాళం తీసి బెల్టు తిప్పమని నేను ఏజెంట్‌కు చెప్త.”

“చెయ్యెందుకమ్మా? కట్టె పెడితే చాలదా?” అన్నాడు వామనరావు.

“మా బాపు కట్టె పెట్టలేదు సార్.”

బెల్టు పక్కన నిలబడ్డ బిక్షం, ఎల్లేశంతో కలిసి పనిచేసినవాడు, నవ్వు ఆపుకోలేకపోయాడు. “పెట్టుండ్రి సార్. ఎవరూ తియ్యలేరంటిరి గద. ఇగ ఫికరేంది?”

వామనరావు రుత్విక్ ముఖం వైపే చూస్తున్నాడు.

రుత్విక్ ఫోన్‌లో తాళం వేశాడు. రోలర్ల వైపు వంగాడు. చెయ్యి చాచాడు. జమున లాప్‌టాప్ తెరిచి, తెర తన వైపే ఉంచుకుని టైపు చెయ్యసాగింది. మీటల చప్పుడు తప్ప ఏమీ వినబడటం లేదు. చివరి మీట మీద ఆమె వేలు ఆగింది.

“ఒత్తాల్నా సార్?”

రుత్విక్ చెయ్యి లాగేసుకున్నాడు. “ఆగు జమునా. ఒత్తకు. ఆ ఖాతాతోని ఎవరి తాళమైనా వస్తది.”

“నీకెట్ల తెలుసు?” అన్నాడు వామనరావు.

రుత్విక్ బొగ్గుపొడిలోనే కూలబడ్డాడు. “ఆనాడు బొగ్గు పంపుడు లేటయితుండె సార్. ఎల్లేశం బయటికొచ్చిండనుకొని నేనే తాళం తీపిచ్చిన.”

బిక్షం తలకున్న హెల్మెట్ తీశాడు. “విన్నవా బిడ్డా? మీ బాపు లాకు మరువలే.”

జమున ఏడవలేదు. వామనరావు రుత్విక్ మాటలు అక్కడే రాయించి సంతకం పెట్టించాడు. తర్వాత ఏజెంట్ల రిపోర్ట్ కోసం లాప్‌టాప్ తన వైపు తిప్పుకున్నాడు.

తెర మీద ఒకే ఒక్క వాక్యం ఉంది: “కొత్త సర్వర్‌లో, వేసినవాడు తప్ప తాళం ఎవరూ తియ్యలేరు.”