బాయ్స్ గుమ్మం

"ఆ తలుపు మీద సుత్తి పడిందో, కౌన్సిల్‌కి ఫోన్ కొట్టేస్తా!" గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు జయకృష్ణ.

"కొట్టుకో. ఉద్యోగం ఊడినవాణ్ణి నేను, నీదేం పోయింది?" అన్నాడు ఆంజనేయప్రసాద్.

బర్మింగ్‌హామ్‌లో విక్టోరియా రాణి నాటి బడి అది. ఇప్పుడు ఫ్లాట్లు చేశారు. పాత కట్టడం కాబట్టి నగర కౌన్సిల్ ఒప్పుకోనిదే ఏదీ మార్చకూడదు. ఎర్ర ఇటుక గోడలు, పిల్లల చూపు బయటికి పోకుండా మనిషెత్తుకి పైన పెట్టిన కిటికీలు, మగపిల్లలకో గుమ్మం, ఆడపిల్లలకో గుమ్మం. మూల ఫ్లాటు కొన్న ప్రసాద్‌కి మగపిల్లల గుమ్మం దక్కింది. తలుపు పైన రంగుటద్దంలో 'బాయ్స్' అని పెద్ద పెద్ద అక్షరాలు. ఎడంచేతి గోడలోని ఆడపిల్లల గుమ్మాన్ని ఎప్పుడో ఇటుకలతో పూడ్చేశారు.

"నీ వాస్తు కోసం కట్టారా ఈ బడి? నేను ఫ్లాట్ల కమిటీ ప్రెసిడెంటుగా ఉండగా ఒక్క ఇటుక కదలదు."

"ఇంగ్లీషోడి బడికి కాపలా కుక్కలా నిన్నెవడు పెట్టాడయ్యా? జీతమిస్తున్నాడా, బిస్కెట్లేనా?"

జయకృష్ణ మొహం కందిపోయింది. "నోరు అదుపులో పెట్టుకో!"

"ఈ దక్షిణ గుమ్మంలోంచి నడిచే నా కొంప కూలింది. యముడి దారి అని మా సిద్ధాంతి వీడియో కాల్లోనే తేల్చేశాడు. అందుకే ఆ అద్దానికి నల్లదుప్పటి కొట్టా."

"దక్షిణమని ఆయనకి ఎవడు చెప్పాడు? ఈ ఊళ్లో సూర్యుడి మొహం చూసి నాలుగు నెలలైంది!"

"ఇది చెప్పింది." ప్రసాద్ ఫోను తీసి, గుమ్మం లోపల మూలనున్న తెల్లరంగు స్తంభానికి ఆనించి దిక్సూచి చూపించాడు. "చూడు, కళ్లుంటే. ఎదురుగా దక్షిణం. ఎడంచేతి వైపు తూర్పు. ఆ ఆడపిల్లల గుమ్మమే నాకు కావాలి."

జయకృష్ణ ఫోను చూశాడు. స్తంభం చూశాడు. చేతిలోని తాళంచెవితో దాన్ని ఒకసారి కొట్టాడు. ఖంగుమంది. అతని కోపం చప్పున చల్లారిపోయింది.

"సరే, ఇది మూసేసుకో. అది తెరుచుకో. కౌన్సిల్‌కి నేనే రాసిస్తా."

"రుజువు చూపిస్తేగానీ ఎక్కదు నీ బుర్రకి!" మీసం దువ్వాడు ప్రసాద్.

కౌన్సిల్ వాళ్లు ఒప్పుకున్నారు. లోపల అడ్డుగోడ కట్టుకోవచ్చు, పైనున్న రంగుటద్దాన్ని మాత్రం కప్పకూడదన్నారు. దుప్పటి ఊడింది. ఉన్న డబ్బంతా ఇటుకలకీ మేస్త్రీలకీ పోయింది.

ఉగాది తెల్లవారుజామున కొత్త గుమ్మానికి మామిడాకులు కట్టి, పసుపు పూసి, తలుపులు బార్లా తెరిచారు. తొలి కిరణం గడప మీద పడగానే హారతి ఇమ్మన్నాడు సిద్ధాంతి. పళ్లెం పట్టుకుని నిలబడ్డారు ప్రసాద్, అతని భార్య స్రవంతి. జయకృష్ణ పిలవకుండానే వచ్చి స్తంభానికి చేరగిలబడ్డాడు.

"చూడటానికి వచ్చావా, ఏడవటానికి వచ్చావా?" అన్నాడు ప్రసాద్.

"చూడటానికే."

పొద్దెక్కాక మబ్బు విడింది. ఎండ వచ్చింది. గడప మీద పడలేదు. ప్రసాద్ కుడి చెంప మీద చుర్రుమంది.

"ఏవండీ..." స్రవంతి కుడివైపుకి తిరిగింది. పాత గుమ్మానికి కట్టిన గోడ పైనుంచి, రంగుటద్దంలోంచి ఎండ, 'బాయ్స్' అన్న అక్షరాల నీడని నేలంతా పరుస్తోంది.

జయకృష్ణ తాళంచెవితో స్తంభాన్ని మళ్లీ ఖంగుమనిపించాడు.

"ఇనప స్తంభానికి ఆనిస్తే ఫోను మాత్రం దిక్కులేం చెబుతుందండీ? తూర్పు గుమ్మానికి గోడ బ్రహ్మాండంగా కట్టుకున్నారు!"