మెట్ల కింద తుమ్ము

తలుపు తట్టిన చప్పుడుకి ఎనిడ్ గుండె గుభేలుమంది. మూడింటికి వస్తామన్నారు. ఇంకా రెండున్నర కూడా కాలేదు.

చంకలో బాతుతోనే వెళ్ళి తలుపు తీసింది. గుమ్మంలో ఓ నడివయసు ఆవిడ నిలబడి ఉంది. మెడకి మాసిన మఫ్లర్, కాళ్ళకి బురద బూట్లు.

"నా పేరు హెట్టీ అండీ. నేను..."

"పక్కింట్లో నిన్న సామాన్లు దించింది నువ్వేనన్నమాట! దేవుడు పంపినట్టు వచ్చావమ్మాయ్. ముందీ బాతుని పట్టుకో."

హెట్టీ ఏదో అనబోయింది. అప్పటికే బాతు ఆమె చేతుల్లో ఉంది.

సంగతేమిటంటే, ఎనిడ్‌కి ఫెర్రెట్లు కావాలి. ముంగిసకి దూరపు చుట్టంలా సన్నగా, పొడుగ్గా, ఒక్క క్షణం కుదురుండని ఆ జంతువుల్ని ఆమె భర్త స్టాన్లీ జీవితమంతా పెంచాడు. కోటు జేబులో ఓ ఫెర్రెట్ లేకుండా పబ్బుకి కూడా వెళ్ళేవాడు కాదు. కిందటేడు ఆయన పోయాడు. ఆయన వెనకే ముసలి ఫెర్రెట్టూ పోయింది. మేజోళ్ళు ఎత్తుకుపోయి సోఫా కింద దాచేవాళ్ళు లేక ఎనిడ్‌కి ఇల్లు ఇల్లులా లేదు. ఒక్కో సాయంత్రం ఊరికే ఏడుపొచ్చేది.

ఊరి చివర, దిక్కులేని ఫెర్రెట్లని చేరదీసే చోట ఇద్దరు ఫెర్రెట్ అన్నదమ్ములున్నారు. పుడ్డింగ్, గ్రేవీ. అక్కడి మనిషి ఇవాళ ఇల్లు చూడ్డానికి వస్తారు. నచ్చితే అక్కడికక్కడే ఇచ్చేస్తారట.

"వేరే జంతువులుంటే మాత్రం ఇవ్వరట," అంది ఎనిడ్, పిల్లి కోసం సోఫా కింద తడుముతూ.

"ఎవరు చెప్పారు మీకు?"

"మా వదిన డోరిన్."

"ఆవిడ ఫెర్రెట్లు పెంచుతారా?"

"దానికి పెంచడం రాదు, చెప్పడం వచ్చు. అందుకే ఫోన్లో అడిగితే మా ఇంట్లో ఈగ కూడా లేదని చెప్పేశాను."

ఈగల మాటెలా ఉన్నా, బాతు గ్లాడిస్, పిల్లి మేజర్, పందాల నుంచి రిటైరై సోఫా మొత్తం ఆక్రమించిన వేటకుక్క డ్యూక్ మాత్రం ఉన్నారు.

"కుందేళ్ళు లేవు కదా?" హెట్టీ గొంతు కాస్త కరుగ్గా వినిపించింది.

"నాకేమైనా మతిపోయిందా? ఫెర్రెట్లకి విస్తరి వేసి వడ్డించినట్టే!"

హెట్టీ తలూపింది. ఆ తర్వాత ఆమె పనిలోకి దిగిన తీరు చూసి ఎనిడ్ ముచ్చటపడింది. బాతుని మేడమీద స్నానాల తొట్లో దింపింది. పిల్లిని మాసిన బట్టల బుట్టలో కూర్చోబెట్టి, గాలాడేలా మూత వారగా వేసింది.

డ్యూక్ మాత్రం కదలనన్నాడు. హెట్టీ మఫ్లర్‌ని ఈ కొస నుంచి ఆ కొస దాకా వాసన చూశాడు. తోక టపటపా కొట్టుకుంది.

"కొత్తవాళ్ళని చూస్తే ఇల్లెగిరిపోయేలా మొరుగుతాడు వీడు. నీకేమో సలాం కొడుతున్నాడు!"

"తొందరేం లేదు, చూడనివ్వండి," అంది హెట్టీ, కళ్ళార్పకుండా ఆ తోకనే చూస్తూ.

డ్యూక్‌ని మెట్ల కింద అలమరలోకి తోసి తలుపేశారో లేదో, బెల్లు మోగింది.

ఈసారి వచ్చింది ఓ కుర్రాడు. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో టార్చిలైటు.

"చూసి వెళ్ళిపోతాను మామ్మగారూ. అయిదు నిమిషాల పని."

ఎనిడ్ అతన్ని హాల్లోకి లాక్కెళ్ళి కూర్చోబెట్టింది. టీ ఇచ్చింది. అల్లం కేకు పెద్ద ముక్క కోసి పెట్టింది. ఇల్లెంత ప్రశాంతంగా ఉంటుందో చెబుతుండగా మేడమీద "బాక్" అని వినిపించింది.

"ఏమిటది?"

"పాత కుళాయిలు నాయనా."

"సరే గానీ, మెట్ల కింద అలమర చూడాలి."

"అందులో ఏముంది? చీపుళ్ళు."

అలమరలో పెద్ద తుమ్ము.

"చీపుళ్ళు తుమ్ముతాయా మామ్మగారూ?"

"తుమ్మింది నేనండీ," అంది హెట్టీ, ముక్కు తుడుచుకుంటూ.

అంతలో పిల్లి మెట్లు దిగి వచ్చింది, తలమీద ఎనిడ్ లోపావడా వేసుకుని.

"ఇది మీ పిల్లా?"

"ఎవరి పిల్లో! ఇదే చూడ్డం."

మేజర్ తిన్నగా వచ్చి ఎనిడ్ ఒళ్ళో పడుకున్నాడు.

ఎనిడ్‌కి ఇక ఓపిక లేకపోయింది. కళ్ళనీళ్ళు జలజలా రాలాయి.

"అబద్ధాలాడాను బాబూ. ఈ పిల్లి నాదే. పైన బాతుంది. అలమరలో కుక్కుంది. ఈ ఇంట్లో ఎవరికీ ఏ లోటూ రానివ్వను, వచ్చేవాళ్ళకీ రానివ్వను. ఆ పిల్లల్ని నాకు ఇవ్వనని మాత్రం అనకు."

కుర్రాడు కేకు నమలడం ఆపాడు.

"ఏ పిల్లలు? నేను గ్యాస్ మీటర్ చూసుకుపోదామని వచ్చాను మామ్మగారూ. అది మీ అలమరలో ఉంది."

అతను తలుపు తీసి, డ్యూక్‌ని దాటుకుని వెళ్ళి అంకెలు రాసుకున్నాడు. ఇంకో కేకు ముక్క జేబులో వేసుకుని చల్లగా వెళ్ళిపోయాడు.

ఎనిడ్ గడియారం చూసి లబోదిబోమంది. "అయ్యో, అసలు మనిషి ఇంకా రానేలేదు! హెట్టీ, డ్యూక్‌ని పట్టుకో, మళ్ళీ లోపలికి తోసేద్దాం!"

"డ్యూక్‌ని ఇక్కడే ఉండనివ్వండి," అంది హెట్టీ, సంచీలోంచి కారు తాళాలు తీస్తూ, "పుడ్డింగ్‌నీ గ్రేవీనీ కార్లోంచి తీసుకొస్తాను, ముందు వీడితోనే పరిచయం చేద్దాం."