మూడో సెట్టు

"ఆట ఎంతసేపు పడుతుందండీ?" అని తల్లి డ్రిల్లు మాస్టారిని అప్పటికి రెండోసారి అడిగింది.

"ఏడో తరగతి పిల్లల వాలీబాలే కదమ్మా. రెండు సెట్లలో తేలితే ముప్పావుగంట. మూడోదాకా వెళ్తే గంట పైనే."

ఆమె హాలు గోడ మీది గడియారం వంక చూసింది. ఆరున్నరకి భర్త డ్యూటీకి బయల్దేరేలోగా క్యారేజీ కట్టివ్వాలి. నిన్న పది నిమిషాలు ఆలస్యమైనందుకే కుడి భుజం ఇంకా పైకి లేవడం లేదు.

మొదటి సెట్టు కూతురి జట్టే గెలిచింది. రెండోదానిలో ఇరవైనాలుగు పాయింట్లు వచ్చాయి. ఇంకొక్కటి చాలు. సర్వీసు కూతురిది. టైము ఆరు. తల్లికి ప్రాణం లేచొచ్చింది.

బంతి వెళ్ళి నెట్టుకు తగిలింది.

"ఆ పిల్లకి నెట్టుతో ఏదో చుట్టరికం ఉన్నట్టుందే!" అని వెనక ఎవరో నవ్వారు. తరవాత చేతుల మీదికే వచ్చిన బంతిని కూడా ఆ పిల్ల వదిలేసింది. సెట్టు పోయింది. తల్లి మళ్ళీ గడియారం వంక చూసింది.

మూడో సెట్టులో అదే పిల్ల వరసగా ఆరు సర్వీసులు వేసి గెలిపించింది. అప్పటికి ఆరున్నర దాటింది.

"పదవే, చంపేస్తాడు!" తల్లి చెయ్యి పట్టుకుని లాగింది. "ఆ ఒక్క సర్వీసూ అవతల పడేసి ఉంటే..."

"ఆరుంపావుకల్లా ఇంట్లో ఉండేవాళ్ళం. నాన్న ఉండేవాడు," అంటూ కూతురు తాపీగా బూట్ల తాళ్ళు విప్పుకుంది. "ఇప్పుడు వెళ్ళిపోయుంటాడు."

తల్లి బెంచీ మీద కూలబడింది. "మరి రేపో?"

"రేపు సెమీఫైనలమ్మా. అది కూడా మూడు సెట్లు ఆడతాం."