ఏడు తర్వాత

నాచారంలోని ఆ పిల్లల ఆసుపత్రిలో, నెలలు నిండకుండా పుట్టిన పసికందుల వార్డు గోడకు నర్సు బిందుమాధవి ఫొటో తగిలించారు. రెండు వందల రోజులుగా ఆమె చూసుకున్న ఏ బిడ్డకూ మందులెక్కించేందుకు నరంలో పెట్టిన గొట్టం వల్ల నెత్తురులో ఇన్‌ఫెక్షన్ రాలేదట. ఫొటోలోని ఆ నవ్వు కంటబడ్డప్పుడల్లా తోటి నర్సు త్రివేణికి కడుపులో మంట.

ఈ రాత్రి బిందుమాధవికి సెలవు. ఉప్పల్‌లో తన ఇంట్లో నిద్రపోతూ ఉంటుంది. ఆమె చూసుకునే పసికందులు త్రివేణి చేతికొచ్చారు.

మందు ఎక్కించే ముందు గొట్టం మూతిని స్పిరిట్ దూదితో రుద్దాలి, పదిహేను దాకా పైకి లెక్కపెడుతూ. ఆ లెక్క కూడా బిందుమాధవి నేర్పిందే. బిడ్డల్ని వెచ్చగా ఉంచే గాజు పెట్టెల్లో మూడోదాని దగ్గర త్రివేణి కావాలనే ఏడుతో ఆపేసింది. ఒక్క బిడ్డకు జ్వరమొస్తే చాలు, ఆ ఫొటో దిగుతుంది.

"ఎనిమిది."

చెవి పక్కనే బిందుమాధవి గొంతు. తిరిగి చూస్తే ఎవరూ లేరు. తలుపు దగ్గర స్టూలు మీద ఆయా దుర్గమ్మ కునుకు తీస్తోంది.

"తొమ్మిది."

త్రివేణి చెయ్యి దానంతటదే రుద్దసాగింది. లెక్క తొందరపడలేదు. పదిహేను అయ్యాకే చెయ్యి ఆగింది. బిడ్డ ఆవులించింది.

దుర్గమ్మ కళ్లు తెరవకుండానే అడిగింది. "బిందు సిస్టరు లీవన్నరు గద త్రివేణమ్మా, ఆమె గొంతు ఇనవడ్తుందేంది?"

త్రివేణికి ఒళ్లంతా చల్లబడింది గానీ కడుపులో మంట ఆరలేదు. ఈ బిడ్డనూ బిందుమాధవే కాచింది.

నాలుగో పెట్టె దగ్గర, త్రివేణి ఇంకా దూది తియ్యకముందే వినబడింది.

"ఒకటి."