గోడ చెప్పిన సాక్ష్యం

కొత్త ఇల్లు కట్టించుకునేవాళ్లు తమ బిల్డరు కట్టిన పాత ఇంటినే అడిగి తెలుసుకోవాలన్నది ఇప్పటి చట్టం. ఇళ్లన్నీ మాట్లాడుతున్నాయి కదా. అందుకే భ్రమరాంబ, తను మాట్లాడుకున్న బిల్డరు కాకినాడలో కట్టిన సత్తిరాజు ఇంటికి వెళ్లింది.

"మా బిల్డరు బంగారమండి. ఎక్కడా ఒక్క పగులు లేదు," అంది హాలు గోడ.

భ్రమరాంబ తాపీమేస్త్రీ కూతురు. వేలి కణుపుతో గోడను తట్టి చూసింది. గుల్లగా మోగింది.

"లోపల గుల్లగా ఉంది కదండీ?"

"గోడ బాగుందనే చెబుతోంది కదమ్మా," అన్నాడు సత్తిరాజు. తర్వాత ఆమె చెవి దగ్గరకు వంగి గొణిగాడు: "పోయిన వానాకాలం నేనూ అదే అన్నాను. రెండు రోజులు ఇల్లు తలుపు తియ్యలేదు, నన్ను బయటికి పోనివ్వలేదు."

భ్రమరాంబ గబగబా గుమ్మం దాకా వచ్చింది. తలుపు మూసే ఉంది.

"మా బిల్డరు ఎలాంటివాడమ్మా?" అని అడిగింది ఇల్లు.

"బంగారం," అంది భ్రమరాంబ.

తలుపు తెరుచుకుంది.